రేషన్ స్టోరులో తూకం తగ్గితే కలెక్టరేటులో సోమవారం అర్జీ మేలా, గ్రామసభ తీర్మానం మేలా?

ఆదోని, కోసిగి వైపు పల్లెల్లో నలుగురున్న రేషన్ కార్డుకు నెలకు 20 కిలోల బియ్యం రావాలి. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి 5 కిలోలు, అంత్యోదయ కార్డయితే ఇంటికి 35. స్టోరులో ఇచ్చే స్లిప్పులో 20 అని ఉండి, ఇంటికొచ్చి కాటా వేస్తే 19 తూగితే? ఐదువందల కార్డులున్న ఊళ్లో కార్డుకు కిలో పోయినా నెలకు పది బస్తాలు.

ఒక్క ఇంటి సమస్యయితే అర్జీయే మేలు. కార్డులో పేరు పోవడం, ముసలివాళ్ల వేలిముద్ర పడకపోవడం లాంటివి సోమవారం కలెక్టరేటులో ఇవ్వాలి. కార్డు నంబరు, స్టోరు నంబరు, తేదీ, స్లిప్పు జిరాక్సు జతచేసి రసీదు తీసుకోండి. ఫోన్‌లో ఫిర్యాదయితే నంబరు 1967. అయితే ఒక చిక్కుంది. కింది ఆఫీసు నుంచి ఎవరో ఫోన్ చేసి మాట్లాడి "పరిష్కారమైంది" అని రాసేస్తే అర్జీ మూతపడుతుంది. అప్పుడు ఊరుకోకుండా, ఏం పరిష్కరించారో రాతలో అడుగుతూ మళ్లీ అర్జీ పెట్టాలి.

తూకం సంగతి అలా కాదు. అర్జీ వల్ల మహా అయితే డీలరుకు నోటీసు వస్తుంది, ఆ నెల తూకం సరవుతుంది. తర్వాత మళ్లీ మామూలే. స్టోర్లకు సరుకు పంపే గోదాములో, అంటే స్టాక్ పాయింటులో, గోనెసంచితో కలిపి 50 కిలోలు తూచి పంపితే, సంచి బరువే అరకిలోకు పైన ఉంటుంది. డీలరు ఆ తరుగు తన నెత్తిన వేసుకోడు, కార్డుల మీదికి నెడతాడు. అందుకే ఊరంతా కలిసి స్టాక్ పాయింటు దాకా అడగాలి. దానికి గ్రామసభ తీర్మానమే తగిన సాధనం. చౌక దుకాణాలపై సామాజిక తనిఖీకి, అంటే ఊరివాళ్ల ముందే లెక్కలు సరిచూడటానికి, ఆహార భద్రత చట్టంలోని 28వ సెక్షనే దారి చూపుతుంది. 2006లో ఉపాధి పథకం మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆ పనుల లెక్కలు ఊరి మధ్య చదివించిన అలవాటు మన సీమకు కొత్త కాదు, స్టోరు లెక్కలనూ అలాగే చదివించవచ్చు.

ముందుగా పది పదిహేను ఇళ్ల స్లిప్పులు, విడిగా వేసిన కాటా బరువులు ఒక కాగితం మీద రాయండి. స్టోరుకు మూడు నెలల్లో ఎంత సరుకు వచ్చిందో సమాచార హక్కు కింద తహసీల్దారు ఆఫీసులో అడగండి. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, గడువు 30 రోజులు. తర్వాత పంచాయతీ కార్యదర్శికి, ఈ విషయం అజెండాలో పెట్టమని రాసిచ్చి సంతకం తీసుకోండి. తీర్మానంలో "తగిన చర్య తీసుకోవాలి" అని రాస్తే ఏమీ జరగదు. "బస్తాలను సంచి బరువు తీసి తూచాలి, ఆ తూకం చీటీ స్టోరు గోడకు అంటించాలి, వచ్చే నెల ఒకటో తేదీ నుంచి" అని రాయించండి. ఖాళీ పేజీ మీద ముందే సంతకాలు పెట్టించుకుని, మినిట్స్ తర్వాత నింపే ఊళ్లున్నాయి. రాసింది చదివి వినిపించాకే సంతకం పెట్టండి.

తీర్మానానికీ బలహీనత ఉంది: డీలరును వేసేదీ తీసేదీ రెవెన్యూ వాళ్లు, పంచాయతీ కాదు. అందుకని ధ్రువీకరించిన నకలు తీసుకుని, సోమవారం అర్జీకి జతచేసి పదిమంది వెళ్లండి. ఊరి కాగితం వెనకున్న అర్జీని ఒక్క ఫోన్‌కాల్‌తో మూసేయడం కష్టం. సర్పంచ్ బంధువే డీలరయితే మాత్రం సభ కోసం కాచుకోవద్దు, అర్జీతోనే మొదలుపెట్టండి.

బడిలో మధ్యాహ్న భోజనం సరుకు తగ్గితే మాత్రం అర్జీ, తీర్మానం రెండూ సుదీర్ఘమే. తల్లిదండ్రులే ఎక్కువమంది ఉండే బడి కమిటీలో అడిగితే త్వరగా తేలుతుంది. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లాడికి రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50. ఆరు నుంచి ఎనిమిదికి 150, 30, 75. హాజరుతో గుణించి, వండేముందు కాటా వేయించండి.

సభ తేదీ కూడా చూసుకోవాలి. జనవరి 26కు సగం ఊరు మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు వలసలో ఉంటుంది, అప్పుడు పెట్టిన తీర్మానానికి మనుషులుండరు. ఆగస్టు 15 సభ నయం. వలసపోయే ఇళ్లకు ఆ సభలోనే చెప్పండి: అక్కడి స్టోరులో వేలిముద్ర వేసినా ఇదే కార్డు మీద బియ్యం ఇవ్వాలి.