పర్లాకిమిడి గ్యాలరీలో బరంపురం అభిమానులు

బరంపురం నుంచి పర్లాకిమిడి వెళ్లడానికి రెండు దారులున్నాయి. దిగపహండి, తప్తపాణి, మోహన మీదుగా కొండల్లోంచి సాగేది ఒకటి. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం మీదుగా ఆంధ్రలో ప్రయాణించి మళ్లీ ఒడిశాలో అడుగుపెట్టేది రెండోది. జనవరిలో అక్కడ జరిగిన ఒక నాకౌట్ ఫుట్‌బాల్ కప్పులో క్వార్టర్ ఫైనల్ ఆడడానికి మా ఊరి జట్టు వెళ్లినప్పుడు, వెనకాల ఒక వ్యాను మాట్లాడుకుని బయలుదేరిన అభిమానులం వెళ్లేటప్పుడు కొండదారిని, వచ్చేటప్పుడు పల్లపుదారిని పట్టాం. ఆ దారుల మంచిచెడ్డలు, బస, తిండి, అన్నిటికంటే ముఖ్యంగా ఎదుటి జట్టు అభిమానుల మధ్య కూర్చుని ఆట చూడడంలోని సాధకబాధకాలు ఇకమీదట వెళ్లేవారికి పనికొస్తాయని వివరంగా రాస్తున్నాను.

కొండదారి చూడముచ్చటైనదే గాని ఆట రోజున ఎంచుకోదగినది కాదు. తప్తపాణిలో గంధకం వాసన వేసే వేడినీటి ఊట, దాని పక్కన కంధి దేవి గుడి ఉన్నాయి. ఒడిశా పర్యాటక సంస్థ అతిథిగృహం పాంథనివాస్‌లో ఆ ఊట నీటితోనే స్నానం చేసే ఏర్పాటు ఉంది కాబట్టి, ముందురోజు మధ్యాహ్నం బయలుదేరి అక్కడ రాత్రి ఉండి, తెల్లవారి ఘాట్ దాటడం మేలైన పద్ధతి. చంద్రగిరి దగ్గర జిరంగలో 2010లో దలైలామా ప్రారంభించిన పద్మసంభవ మహావిహారం కూడా ఈ దారిలోనే కలుస్తుంది. మాలో కొందరు దిగి చూస్తామన్నారు, దిగాం, గంటన్నర పోయింది. ఆ తరువాత ఆర్. ఉదయగిరి వైపు మలుపుల్లో ఇద్దరికి కడుపు తిప్పింది. పర్లాకిమిడి చేరేసరికి మధ్యాహ్న భోజనానికి వేళ మించిపోయి, అరటిపళ్లతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

పర్లాకిమిడి స్వభావం తెలియనివారికి గ్యాలరీలో మాకు జరిగినదేదీ అర్థం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఈ జమీందారీ రెండుగా చీలింది. పట్టణం ఒడిశాకు వెళ్లగా, ఎస్టేటులో చాలా భాగం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. నేడు గజపతి జిల్లాకు కేంద్రమైన ఈ ఊరిని ఆనుకునే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం ఉంటుంది. సరిహద్దు దాటామని దుకాణాల బోర్డుల మీది లిపి చెప్పాలి తప్ప జనం మాట చెప్పదు. గిడుగు రామమూర్తి గారు ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాష నేర్చుకున్న ఊరు ఇదే. మైదానం చుట్టూ ఒడియా, తెలుగు, సవర మూడూ వినిపించాయి, మైకులో వ్యాఖ్యానం చెప్పే ఆయన ఒకే వాక్యంలో మొదటి రెండింటినీ కలిపేస్తున్నాడు. ఇటువంటి చోట పొరుగు జట్టు అభిమానిని మాటను బట్టి పోల్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. చొక్కా రంగు, గోలు పడినప్పుడు వేసే కేక, ఈ రెండే పట్టిస్తాయి.

మైదానం ఏర్పాట్లు ఇలా ఉన్నాయి. ఒకవైపు సిమెంటు మెట్ల గ్యాలరీ, దాని మధ్యలో అతిథుల కోసం షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. మిగిలిన మూడు వైపులా వెదురు కంచె, కంచె వెనుక నిలబడో నేల మీద కూర్చునో ఉచితంగా చూసే జనం. గ్యాలరీకి మాత్రం నామమాత్రపు టిక్కెట్టు. టిక్కెట్టు మీద వరుస, నంబరు ఏమీ ఉండవు, పొరుగు జట్టువారికంటూ ప్రత్యేకమైన భాగం అంతకన్నా లేదు. మా వారి కోసం ఒక మూల కేటాయించగలరా అని మా పెద్దల్లో ఒకరు అడిగితే, నిర్వాహకుల్లో ఒకాయన, “మీరూ మేమూ ఏటండి, అందరూ మనోళ్లే, ఎక్కడైనా కూకోండి” అన్నాడు. మాట మర్యాదగానే ఉంది గాని, దాని వెనుక ఏర్పాటంటూ ఏదీ లేదన్న సంగతి సాయంత్రానికి తేలింది.

మేము పన్నెండో మెట్టు దగ్గర, బయటికి పోయే ద్వారానికి దూరంగా, షామియానా పక్కన కుదురుకున్నాం. పసుపు చొక్కాల మీద స్వెట్టర్లు ఉండడంతో మొదట ఎవరూ గమనించలేదు. నా పక్కన తలకు మఫ్లరు చుట్టుకున్న ఒక పెద్దాయన వేరుశనగకాయలు ఒలుచుకుంటూ, పొట్టును కాళ్ల దగ్గర పరిచిన కాగితంలో జాగ్రత్తగా వేస్తున్నాడు. మా కుర్రవాడి మెడ దగ్గర చొక్కా అంచు కనబడి కాబోలు, “ఏటి బాబూ, బరంపురం నుంచొచ్చినారేటి?” అని అడిగాడు. ఔనన్నాను. “అయితే ఇటు జరిగి కూకోండి. ఆ పైమెట్ల మీద మా కుర్రోళ్లున్నారు, నోరు పారేసుకుంటారు” అని తాను ఒక మెట్టు పైకి మారి, మాకూ వాళ్లకూ మధ్య తానే గోడలా కూర్చున్నాడు. ఆ సాయంత్రం మాకు దొరికిన భద్రతా ఏర్పాటు ఏదైనా ఉంటే అది ఆయనే.

మొదటి సగంలో కార్నర్ నుంచి వచ్చిన బంతిని మా వెనుకవరుస ఆటగాడు తలతో గోలులోకి నెట్టాడు. మేము లేచి అరిచాం. అరిచిన మరుక్షణంలో చుట్టూ ఉన్న మెట్లన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయనీ, తలలన్నీ మా వైపే తిరిగాయనీ తెలిసి, సగం అరుపు గొంతులోనే ఆగింది. పెద్దాయన మాత్రం, “అరవండి బాబూ, గోలు కొట్టినప్పుడు కూడా అరవకపోతే ఇంత దూరం ఎందుకొచ్చినట్టు? మాదీ వొస్తాది” అన్నాడు. రెండో సగంలో అన్నట్టే వచ్చింది. అప్పుడు గ్యాలరీ మొత్తం ఒక్కసారిగా లేచింది. నా వెనుక ఉన్నవాడెవడో, నేనెవరో చూసుకోకుండా, సంతోషంతో నా వీపు మీద రెండు చేతులతోనూ దరువు వేశాడు. చూసుకున్నాక నాలుక కరుచుకుని, చేతిలోని ముంత మసాలా పొట్లం నా ముందుకు చాపాడు. తీసుకున్నాను. ఉల్లిపాయ ఎక్కువైనా బాగుంది.

లీగు పోటీ అయితే ఆట 1–1తో ముగిసేది, ఇరుపక్షాలవారూ తలా ఒక పాయింటు పట్టుకుని సర్దుకుని ఇళ్లకు పోయేవారు. కప్పు పోటీకి ఆ వెసులుబాటు లేదు, ఇద్దరిలో ఒకరు ఆ సాయంత్రమే ఇంటిదారి పట్టి తీరాలి. కలిసి కూర్చున్న అభిమానుల మధ్య ఉద్రిక్తత అంతా ఆ చివరి ఘట్టంలోనే రాజుకుంటుంది. ఇక్కడి నిబంధన ప్రకారం అదనపు సమయం లేకుండా నేరుగా పెనాల్టీలకు వెళ్లారు. పెనాల్టీలు మొదలవగానే కంచె వెనుక జనం కంచె దాటి, గ్యాలరీలో కుర్రవాళ్లు మెట్లు దిగి, పెనాల్టీలు కొట్టే గోలు స్తంభాల చుట్టూ గుండ్రంగా మూగారు. గోల్‌కీపరు వెనుక వల కనబడలేదు. బంతి లోపలికి వెళ్లిందో లేదో కేకలను బట్టి ఊహించవలసి వచ్చింది. మా జట్టు 4–3తో గెలిచింది.

గెలిచిన తరువాత గడచిన పావుగంటే ఈ యాత్ర మొత్తానికి కష్టమైన భాగం. గ్యాలరీకి ఉన్నది ఒక్కటే ద్వారం, ఓడినవారూ గెలిచినవారూ అందులోంచే పోవాలి. పైమెట్ల నుంచి మొదట మాటలు, ఆ తరువాత వేరుశనగ పొట్టు, ఆ తరువాత నీళ్ల ప్యాకెట్లు వచ్చాయి. ఒకటి మా కుర్రవాడి భుజం మీద పగిలి స్వెట్టరు తడిసింది. దెబ్బలేమీ తగలలేదు. మఫ్లరు పెద్దాయన వెనక్కి తిరిగి ఒకడిని పేరు పెట్టి పిలిచి, వాడి తండ్రి పేరు కూడా కలిపి గట్టిగా గదమాయించడంతో ఆ మూల సద్దుమణిగింది. నిర్వాహకుల్లో ఒక్కరూ అటువైపు రాలేదు. చివరికి మైకు బల్ల దగ్గర నిలబడి, ద్వారం దగ్గర రద్దీ తగ్గేదాకా ఆగి బయటపడ్డాం. ఆడవాళ్ల సంగతి ఇంకా చెప్పుకోదగింది. మాతో వచ్చిన ఇద్దరు స్త్రీలకు మైదానంలో మరుగుదొడ్డి అన్నదే లేక, ఎదురుగా ఉన్న ఒక ఇంటివారిని అడగవలసి వచ్చింది. ఆ ఇంటావిడ కాదనలేదు సరికదా, టీ కూడా ఇచ్చింది. గ్యాలరీకి టిక్కెట్టు పెట్టి డబ్బు తీసుకున్నప్పుడు ఈ పాటి ఏర్పాటు నిర్వాహకులదే బాధ్యత.

పొరుగు అభిమానులను వేరుగా కూర్చోబెట్టాలా, కలిపేయాలా అన్నది మన చిన్న మైదానాలకే పరిమితమైన ప్రశ్న కాదు. ఇంగ్లండులోని ఎఫ్‌ఏ కప్ అనే నాకౌట్ పోటీలో బయటినుంచి వచ్చే జట్టుకు మైదానం సామర్థ్యంలో 15 శాతం దాకా టిక్కెట్లు కోరే హక్కు ఉంది. అక్కడి ప్రీమియర్ లీగులో అది 3,000 సీట్లు, చిన్న మైదానమైతే పది శాతం. ఆ సీట్లకు వేరే ద్వారం, మధ్యలో ఖాళీ వరుసలు, కాపలా ఉంటాయి. అర్జెంటీనా మరో కొసకు పోయి, 2013 నుంచి ఏళ్ల తరబడి లీగు పోటీలకు పొరుగు అభిమానులను రానీయకుండా నిషేధించింది. మన దేశంలో ఈ విషయం ప్రాణాల మీదికి వచ్చినది 1980 ఆగస్టు 16న. కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్‌ల లీగు పోటీలో ఇరు జట్లవారూ కలిసి కూర్చున్న గ్యాలరీలో రేగిన కొట్లాట తొక్కిసలాటగా మారి 16 మంది చనిపోయారు.

ఆ సంఖ్యను తలుచుకుని పర్లాకిమిడిలోనూ కంచెలు కట్టమని నేననను. కోల్‌కతాలో ఒకే గ్యాలరీలో ఉన్నవి రెండు పెద్ద గుంపులు, ఏదీ రెండోదానికి తగ్గేది కాదు. పర్లాకిమిడిలో మేము గుప్పెడు మందిమి. మమ్మల్ని కొట్టడంలో ఎవరికీ గొప్ప లేదు, మాతో మాట్లాడడానికి అందరికీ తీరిక ఉంది. కాబట్టి ఒక వ్యానులో పట్టేంతమంది వెళ్తే స్థానికుల మధ్యన, వయసు మళ్లినవారి దగ్గర కూర్చోవడమే మంచిది. విడిగా ఒక మూల జెండా కట్టుకుని కూర్చుంటే రాళ్లకు గురి చూపించినట్టే. రెండు బస్సుల జనం వెళ్తే మాత్రం ముందుగానే నిర్వాహకులతో మాట్లాడి, ద్వారానికి దగ్గరగా ఒక మూలను రాతపూర్వకంగా తీసుకోవాలి. ద్వారం ఒక్కటే అయితే ఎవరు ముందు వెళ్లాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఆట చూసినవారు ఈ ఏర్పాట్లను చూసి నవ్వవచ్చు. 2024 జనవరి 28న అక్కడ సూపర్ కప్ ఫైనల్‌లో ఈస్ట్ బెంగాల్ అదనపు సమయంలో 3–2తో ఒడిశా ఎఫ్‌సీని ఓడించింది. కోల్‌కతా నుంచి రైళ్లలో వచ్చిన ఎరుపు, పసుపు జెండాలు ఆ గ్యాలరీల్లో పెద్ద సంఖ్యలోనే కనిపించాయి. అంతటి చోట పోలీసులు, వేర్వేరు ద్వారాలు, సీట్ల నంబర్లు ఉండవలసిందే. అయితే పక్కవాడు ముంత మసాలా పొట్లం చాపే అవకాశం మాత్రం అక్కడ తక్కువ.

బస విషయానికి వస్తే, పర్లాకిమిడి బస్టాండు దగ్గర లాడ్జీలో గదులు శుభ్రంగానే ఉన్నాయి, వేడినీళ్లు అడిగితే బకెట్టుతో తెచ్చారు, గుర్తింపు కార్డులు మాత్రం ప్రతి ఒక్కరివీ చూశారు. దోమతెరలు లేవు, దోమల చుట్ట ఒకటి వెలిగించుకోక తప్పదు. నేనూ మా కుర్రవాడూ మాత్రం మా పెద్దమ్మ అల్లుడి ఇంట్లో దిగాం. వరసకు నాకు బావ, పుట్టుకతో ఆ ఊరి జట్టు పక్షం. రాత్రి అన్నం ఆలస్యంగా వడ్డించి, “గెలిచినోళ్లకి పచ్చడి మెతుకులే బావా” అన్నాడు గాని, వెనకాలే మా అక్క చేపల పులుసు తెచ్చింది. పొద్దున్న బస్టాండు ఎదుట బండి మీద ఇడ్లీకి వేరుశనగ పచ్చడి ఒకవైపు, బరాకు, అంటే ఒడియావారి గారెకు, గుగుని అనే బఠాణీ కూర ఒకవైపు దొరుకుతాయి. ఇడ్లీ కన్నా బరాయే బాగుంది.

తిరుగుదారికి నా ఓటు పల్లపుదారికే. టెక్కలి దగ్గరి నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన రెండున్నర అడుగుల సన్నపట్టాల మార్గం తరువాత గుణుపూర్ దాకా సాగి, ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది. పూరీ–గుణుపూర్ బండి బరంపురం మీదుగానే పోతుంది, కాబట్టి సామాను, జెండాలు, డప్పులు ఉన్నవారికి రైలే హాయి. వేళ కుదరకపోతే పాతపట్నం నుంచి టెక్కలికి బస్సులో వెళ్లి, అక్కడి హైవే మీద ఇచ్ఛాపురం వైపు బస్సు పట్టుకోవచ్చు. కప్పు పోటీ పెనాల్టీల దాకా సాగితే చీకటి పడిపోతుంది, ద్వారం దగ్గర మరో పావుగంట పోతుంది, కాబట్టి ఆ రోజు చివరి బస్సును నమ్ముకోకుండా రాత్రికి ముందే గది చెప్పుకుని వెళ్లాలి.