ఖర్జూర తోటలు చూడ్డానికి ఏది మేలు: అల్ ఐనా, అల్ అహ్సానా?

దుబాయ్ నుంచి యూఏఈలోని అల్ ఐన్‌కు, దమ్మామ్ నుంచి సౌదీలోని అల్ అహ్సాకు దూరం దాదాపు ఒకటే, 150 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అందుకే గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లలో చాలామందికి ఈ ప్రశ్నే రాదు. ఉద్యోగం ఏ దేశంలో ఉంటే ఆ దేశపు ఒయాసిస్సుకే సెలవు రోజున కారు తీస్తారు. అయితే 2019లో సౌదీ టూరిస్టు వీసాలు మొదలుపెట్టింది. అన్న దుబాయ్‌లో, తమ్ముడు దమ్మామ్‌లో ఉండే ఇళ్లు తెలుగునాట తక్కువేమీ కాదు. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఎటు తీసుకెళ్లాలన్న చర్చ అలాంటి ఇళ్లలో నిజంగానే వస్తుంది.

నన్నడిగితే, తిరగడానికి సుఖం అల్ ఐన్‌లో ఉంది, చూడదగ్గ సరుకు అల్ అహ్సాలో ఉంది.

అల్ ఐన్ అబూధాబి ఎమిరేట్‌లోది. ఒమాన్ సరిహద్దును ఆనుకుని ఉంటుంది, గీత దాటితే బురైమీ ఊరు. ఆకాశాన్నంటే మేడలు కనిపించవు, కట్టనివ్వరు కూడా. నగరం నడిబొడ్డున 1,200 హెక్టార్ల ఒయాసిస్సు, అందులో 1,47,000 ఖర్జూర చెట్లు, వంద దాకా రకాలు. లోపలికి టికెట్ లేదు. రెండు వైపులా గోడలు, మధ్యలో చక్కగా పరిచిన దారి, పైన మట్టల నీడ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లూ నెమ్మదిగా నడిచేయగలరు. నడవలేకపోతే సైకిళ్లు అద్దెకిస్తారు.

అక్కడ తప్పక చూడాల్సింది ఫలజ్. కొండ పాదాల దగ్గర నీళ్లు తగిలేదాకా బావి తవ్వుతారు. అక్కడి నుంచి తోటల దాకా భూమి లోపల సన్నటి వాలుతో సొరంగం తీస్తారు. మోటారుతో పనిలేదు, నీళ్లు వాటంతట అవే వచ్చి కాలువల్లో పడతాయి. ఆపైన ఎవరి వంతు ఎప్పుడు, ఎంతసేపు అన్నది లెక్క ప్రకారం నడుస్తుంది. అల్ ఐన్ పక్కనే హిలీలో బయటపడిన ఫలజ్ వయసు సుమారు 3,000 ఏళ్లు. తర్వాత యూఏఈ తొలి అధ్యక్షుడైన షేక్ జాయెద్ 1946 నుంచి 1966 దాకా ఈ ప్రాంతపు పాలన చూశారు. పూడిపోయిన ఫలజ్‌లను బాగు చేయించింది, నీళ్ల పంపకం పద్ధతి మార్చింది ఆ రోజుల్లోనే. 2011లో యునెస్కో ఈ ఒయాసిస్సులను, హిలీ, హఫీత్ పురాతన స్థలాలను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ దేశం నుంచి అందులోకి ఎక్కిన మొదటి చోటు ఇదే.

ఇంత బాగున్నా నాకో వెలితి. అది తోట కన్నా పార్కులా ఉంటుంది. మనం దారుల్లోనే నడవాలి, గోడల అవతలి చెట్లు ఎవరెవరివో. ఖర్జూరం మీద ఎవరు బతుకుతున్నారు, ఎంతకు అమ్ముతున్నారు అన్న సంగతి అక్కడ గంటలకొద్దీ తిరిగినా తెలియదు.

అల్ అహ్సాలో ఇది తలకిందులు. హుఫూఫ్, ముబర్రజ్ అనే రెండు పట్టణాలు, వాటి చుట్టూ పల్లెలు, అన్నిటి మధ్యా తోటలు, మొత్తం 25 లక్షల చెట్లు. 2018లో యునెస్కో జాబితాకెక్కింది. 2020లో గిన్నిస్‌వాళ్లు ప్రపంచంలోకెల్లా పెద్ద ఒయాసిస్సుగా గుర్తించారు. ఇక్కడ గేటు, గైడు ఏమీ ఉండవు. పల్లె రోడ్డు మీద వెళ్తుంటే తోట మొదలవుతుంది, ఎక్కడ అయిపోతుందో తెలియదు. కారు లేకుండా తిరగడం కష్టం. రియాద్ నుంచైనా దమ్మామ్ నుంచైనా హుఫూఫ్‌కు రైలుంది, కానీ దిగాక టాక్సీవాడే దిక్కు.

అక్కడ అసలు చూడాల్సింది పని. ఖర్జూరంలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. గాలికి వదిలేస్తే కాపు సరిగా రాదు. అందుకే చలికాలం చివర్లో మగపూల రెమ్మలు కోసి, చెట్టెక్కి ఒక్కో ఆడగెలలో దూర్చి కడతారు. ఎక్కడానికి నడుము చుట్టూ, మాను చుట్టూ వేసుకునే పట్టీని అహ్సాలో కర్ర్ అంటారు. మన గౌడన్నల మోకు చూసినవాళ్లకు వేరే వివరించక్కర్లేదు. ఆ తర్వాత గెలల్ని పలచన చేయడం, మట్టలకు ఆనించి కట్టడం, వల సంచులు తొడగడం. ఎండాకాలం నడిమికి పండు మెత్తబడి రుతబ్ అవుతుంది, ఇంకా ఆరితే నిల్వ ఉండే తమర్.

ఆగస్టులో వేలం మొదలవుతుంది. పికప్ బండ్ల నిండా పండ్లు తెచ్చి వరసగా నిలబెడతారు, పాట పాడేవాడు ఒక్కో బండి దగ్గర ఆగుతాడు. ధర కిలోకు కాదు, మన్‌కు చెబుతారు. అహ్సా మన్ అంటే 240 కిలోలు. ఖలాస్ రకానిదే పైచేయి, తర్వాత షీషీ, రుజైజ్. మార్కెట్ యార్డులో మిర్చి అమ్మిన రైతు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, కోటలూ మ్యూజియంలూ వదిలేసి ముందు ఇక్కడికే తీసుకెళ్లండి.

నీళ్ల కథ మాత్రం అహ్సాలో కాస్త బాధగానే ఉంటుంది. ఒకప్పుడు వందల ఊటలు వాటంతట అవే పైకి ఉబికేవి. బోర్లు పెరిగి, తోడడం ఎక్కువై, ఊటలు నిలిచిపోయాయి. 1971లో సిమెంటు కాలువల పెద్ద పథకం వచ్చింది. ఇప్పుడు లోతు బోర్లతో పాటు శుద్ధి చేసిన మురుగునీరూ తోటలకు వాడుతున్నారు. ముఖం చిట్లించాల్సిన పనిలేదు, ఆ నీళ్లు లేకపోతే ఇప్పుడు చాలా చెట్లు నిలవవు. అల్ ఐన్‌లోనూ ఫలజ్ ఒక్కటే సరిపోదు, పంపుల సాయం ఉంటుంది. కాకపోతే అక్కడ సందర్శకుడికి ముందు ఫలజ్‌నే చూపిస్తారు.

రెండు చోట్లా ఒకే శత్రువు, ఎర్ర ముక్కు పురుగు. కోనసీమ కొబ్బరి రైతుకు కొత్త పేరు కాదు. మన దక్షిణాసియా వైపు పురుగే 1980ల్లో గల్ఫ్ చేరి ఖర్జూరపు మానుల్ని లోపలి నుంచి తొలిచేస్తోంది. తోటల్లో లింగాకర్షక బుట్టలు కనిపిస్తే ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా.

మిగతా ఆకర్షణల్లో పిల్లలున్నవాళ్లకు అల్ ఐనే నయం. జూ ఉంది, ఒంటెల సంత ఉంది, 1,240 మీటర్ల జబల్ హఫీత్ పైదాకా మెలికల రోడ్డు ఉంది. అహ్సాలో జబల్ అల్ ఖారా గుహలున్నాయి, బయట మండిపోతున్నా లోపల చల్లగా ఉంటుంది. హుఫూఫ్‌లోని ఖైసరియా బజారు 2001లో కాలిపోతే మళ్లీ కట్టారు. పాత బజారు కళ పూర్తిగా రాలేదంటారు కానీ, బిష్త్‌లు, అంటే అరబ్బులు పైన వేసుకునే పొడుగు అంగీలు కుట్టే దుకాణాలు ఇంకా ఉన్నాయి.

తిండి విషయంలో అహ్సాకే నా ఓటు. ఎడారిలో ఎర్ర బియ్యం పండిస్తారంటే నమ్మబుద్ధి కాదు, కానీ హసావీ బియ్యం అక్కడి పొలాల్లోదే. బాస్మతి కన్నా చాలా ఖరీదు. అక్కడివాళ్లు బాలింతలకు పెడతారు. మన దంపుడు బియ్యానికి అలవాటుపడ్డ నాలుకకు వెంటనే నచ్చుతుంది.

ఎప్పుడు వెళ్లాలన్నదే అసలు చిక్కు. చెట్టు నిండా గెలలు చూడాలంటే జులై, ఆగస్టు, అప్పుడు రెండు చోట్లా ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా తిరగొచ్చు, కానీ చెట్ల మీద పండు ఉండదు. పెద్దవాళ్లతో అయితే చలికాలంలో అల్ ఐన్ చాలు. మీరు ఒక్కరే, లేదా ఎండకు జడవని స్నేహితులతో అయితే ఆగస్టులో అహ్సాకు వెళ్లండి. తెల్లారకముందే బయల్దేరి వేలం చూసుకుని, పది గంటలకల్లా ఏసీ గదికి చేరిపోవాలి.

కొనేటప్పుడు రుతబ్ మీద మోజుపడి ఊరికి కిలోలకొద్దీ కట్టించుకోకండి. ఫ్రీజర్ లేకుండా అది ఎక్కువ రోజులు ఆగదు, సూట్‌కేసులో పులిసి బట్టలు పాడుచేస్తుంది. రుతబ్ అక్కడే తినేసి, గట్టిగా అదిమి ప్యాక్ చేసిన ఖలాస్ తమర్ తెచ్చుకోండి.