దేవుని కడప, ఒంటిమిట్ట, మధ్యలో ఒక దిక్కుమాలిన లాడ్జి

ముందు లాడ్జి సంగతి చెప్పి నా కడుపుమంట చల్లార్చుకుంటాను. దేవుళ్ళ సంగతి తర్వాత.

కడప ఆర్టీసీ బస్టాండు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉందా లాడ్జి. ఫోన్లో బుక్ చేసినప్పుడు ఏసీ డబుల్ రూము రోజుకు 1,400. 2025 మార్చి 30, ఆదివారం, ఉగాది. తెల్లవారుజామున వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ దిగి, అమ్మా నేనూ సంచులు మోసుకుంటూ వెళ్తే, కౌంటరు వెనక బల్ల మీద పడుకున్న మనిషి లేచి ఆవులిస్తూ "పండగ రేటు మేడం, 2,200" అన్నాడు. ఇవాళ ఉగాది, రేపు రంజాన్, ఊళ్ళో యాడా రూములు లేవట. ఫోన్లో బుకింగ్ చూపిస్తే "అది మాకు రాలేదు" అన్నాడు. అమ్మ మోకాళ్ళు పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. ఆ మోకాళ్ళు చూసే ఆ మనిషి రేటు పెంచాడని నా అనుమానం. డబ్బు కట్టేశాను. ఏసీ గాలి విసిరిందే గాని చల్లదనం లేదు. వేడినీళ్ళు బకెట్టు 30. దుప్పటి గురించి రాయను, ఎవరైనా అన్నం తింటూ చదువుతుంటారేమో.

వాడి తల వెనక నిలువెత్తు వెంకటేశ్వరస్వామి పటం, దానికి తాజా మల్లెదండ.

"దొంగ వెధవ" అంది అమ్మ. అంతటితో వదిలేసింది.

స్నానాలు చేసి ఆటో ఎక్కాం. దేవుని కడప ఊరికి మూడు కిలోమీటర్లు ఉంటుందేమో. ఆటో అతను 250 అడిగాడు. తెల్ల టోపీ పెట్టుకున్నాడు. గుడి దగ్గర పూలమ్మిని అడిగితే నూరు రూపాయలకు మించి ఇవ్వకూడదంది. అమ్మ నావైపు తిరిగి, "చూశావా వాళ్ళ బుద్ధి" అంది.

లాడ్జి వాడు రోజుకు 800 ఎక్కువ తిన్నాడు. ఆటో అతను 150. 800 తిన్నవాడు ఒక్కడే దొంగ. 150 తిన్నవాడికి మాత్రం వెనక ఒక మతమంతా నిలబడింది. ఈ లెక్క పైకి చెప్పలేదు. పండగ పూట ఎందుకని ఒకటి, అమ్మకు లెక్కలు చెప్పే అర్హత నాకు లేదని ఇంకొకటి.

2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం, హైదరాబాద్‌లో లుంబినీ పార్కులో ఒకటి, కోఠీలో గోకుల్ చాట్ దగ్గర ఒకటి, రెండు బాంబులు పేలాయి. నలభై రెండు మంది పోయారు. అందులో మా చిన్నమామ ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ళు. అమ్మ పుట్టిల్లు ఈ జిల్లానే. చదువైపోయాక మామ హైదరాబాద్ వచ్చి మా ఇంట్లోనే ఉండేవాడు, అప్పటికి ఉద్యోగంలో చేరి నెల తిరగలేదు. ఆ పూట పాత పుస్తకాలకని కోఠీ వెళ్తూ "అక్కా, ఏమైనా తేవాలా?" అంటే, జాకెట్టు లైనింగు గుడ్డ తెమ్మని అమ్మే చెప్పింది. ఆ తర్వాత అమ్మ కోఠీలో అడుగు పెట్టలేదు, లైనింగు జాకెట్టు కుట్టించుకోలేదు, ముస్లింల కొట్లో ఉప్పు రాయి కొనలేదు. 2018 సెప్టెంబరులో కోర్టు ఇద్దరికి ఉరిశిక్ష వేసిందని టీవీలో వస్తుంటే కట్టేసి బియ్యం కడగడానికి లేచింది.

అదే 2007లో, మే 18న, మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలి ప్రాణాలు పోయాయని, ఆ కేసులో నిందితులు అయిదుగుర్నీ 2018 ఏప్రిల్‌లో కోర్టు నిర్దోషులని వదిలేసిందని ఒకసారి వాదనలో అన్నాను. "నాకు లెక్కలు చెప్పొద్దు" అంది. అందుకే చెప్పను.

తమ్ముడికి ఉద్యోగం వస్తే ఉగాదికి తీసుకొచ్చి దర్శనం చేయిస్తానని దేవుని కడప స్వామికి మొక్కుకుంది. ఉద్యోగం వచ్చింది, ఉగాది దాకా మనిషి మిగల్లేదు. మొక్కు మిగిలిపోయింది. డెబ్బై దగ్గరపడుతుంటే ఇప్పుడు భయం పట్టుకుంది.

ఉగాది రోజు దేవుని కడప తెలియని వాళ్ళకు ఒక మాట. ఆ రోజు ముస్లింలు కుటుంబాలతో వచ్చి లక్ష్మీ వేంకటేశ్వరస్వామిని చూసుకుని వెళ్తారు. స్వామి పెళ్ళాడాడని చెప్పుకునే బీబీ నాంచారమ్మ వాళ్ళ ఇంటి ఆడబిడ్డ, కాబట్టి స్వామి వాళ్ళ అల్లుడు. కొత్త సంవత్సరం మొదటి రోజు అల్లుణ్ణి పలకరించకపోతే ఎట్లా? పుట్టిల్లు ఇక్కడే కాబట్టి అమ్మకు ఇదంతా చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ వచ్చింది. క్యూలో మా ముందు బురఖాలో ఒకామె, చేతిలో కొబ్బరికాయ, చంకలో పిల్లాడు. అమ్మ కొంగు దగ్గరకు లాక్కుని ఒక అడుగు వెనక్కి జరిగింది.

ఎనిమిదిన్నరకే ఎండ మాడుస్తోంది. గంటకు పైగా నిలబడ్డాక అమ్మకు కళ్ళు తిరిగి రెయిలింగు పట్టుకుంది. నా బాటిలు బుద్ధిగా లాడ్జిలో మర్చిపోయాను. ముందున్నామె చూసి, పిల్లాడి కోసం తెచ్చుకున్న నీళ్ళ బాటిలు మూత తీసి ఇచ్చింది. "తాగమ్మా, నాకు రోజా, నేను తాగేది లేదు" అంది. ఆ ఏడు ఉగాది రంజాన్ ఉపవాసాల చివరి రోజున పడింది. అమ్మ బాటిలు వైపు చూసింది. నా వైపు చూసింది. ఎత్తి సగం తాగేసింది.

దర్శనం నాలుగు క్షణాలు. గుళ్ళో తోపులాట లేదు, చెప్పుల దగ్గర దోపిడీ లేదు. బయటికొచ్చాక ఉండబట్టలేక "ఆమెతో రెండు మాటలు మాట్లాడాల్సింది కదమ్మా" అన్నాను.

"నీళ్ళు తాగాను. దాన్ని పట్టుకుని నువ్వు కథ అల్లొద్దు."

ఏడురోడ్ల దగ్గర ఒక సందులో కారం దోశ తిన్నాం. పేరు బోర్డు కూడా లేని బండి. ఎర్రకారం, పైన పప్పుల పొడి, పక్కన చెనక్కాయల చట్నీ, ప్లేటు 40. అమ్మ రెండు తింది, రెండోది సగం నాది. ఈ ప్రయాణంలో పెట్టిన ప్రతి రూపాయికీ విలువ దొరికింది ఇక్కడొక్కచోటే. కడప వెళ్ళి హోటల్లో పూరీ తినేవాళ్ళను ఏమీ చేయలేం.

సాయంత్రం పెద్ద దర్గాకు వెళ్దామంటే అమ్మ రానంది. అమీన్ పీర్ దర్గా అది, ఎ.ఆర్. రెహమాన్ వస్తుంటాడని మీరూ వినే ఉంటారు. కుంకుమ బొట్లతో వచ్చినవాళ్ళు నాకు చాలామందే కనిపించారు. అమ్మ బయట ఆటోలోనే కూర్చుంది, వెయిటింగుకు 50 తీసుకున్నాడు. నేను పది నిమిషాలు ఉండి వచ్చేశాను. ఆమెను బయట కూర్చోబెట్టి లోపల నేను ప్రశాంతత వెతుక్కోవడం దొంగతనంలా అనిపించింది. రాత్రి నెలవంక కనిపించిందని ఊరంతా పటాసులు, బజారు నిండా జనం. అమ్మ కిటికీ వేసేసింది. ఏసీ లేని ఏసీ రూములో కిటికీ వేస్తే ఎట్లుంటుందో మీరే ఊహించుకోండి.

సోమవారం ఒంటిమిట్ట. పాతిక కిలోమీటర్లు, బస్సులో ఇద్దరికీ 90. (ఆడవాళ్ళకు ఉచిత బస్సు ఆగస్టులో గాని రాలేదు.) నవమికి వారమే ఉంది, పందిళ్ళు వేస్తున్నారు. సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, గర్భగుడిలో ఆంజనేయుడు ఉండడు. నవమి జనంలో కాకుండా ఇలా ముందే వెళ్ళండి, గోపురం తీరిగ్గా చూడొచ్చు.

అక్కడ ఇమాం బేగ్ బావి ఉంది. కడప నవాబు కొలువులో పనిచేసిన ఇమాం బేగ్ ఈ గుడికి వచ్చి, పిలిస్తే మీ దేవుడు పలుకుతాడా అని అడిగాడట. నిజమైన భక్తితో పిలిస్తే పలుకుతాడన్నారట. మూడుసార్లు పిలిస్తే మూడుసార్లూ "ఓ" అని వినబడిందట. ఆయన భక్తుడై ఈ బావి తవ్వించాడంటారు. అక్కడున్న పెద్దాయన ఎవరో వచ్చినవాళ్ళకు ఈ కథ చెబుతుంటే మేమూ నిలబడి విన్నాం.

అమ్మ బావి గట్టు మీద చెయ్యి పెట్టి చాలాసేపు లోపలికి చూసింది.

"వీడు మూడుసార్లు పిలిస్తే పలికాడంట" అంది. "ఆ రాత్రి మీ మామకు ఎన్నిసార్లు ఫోన్ చేశానో. మోగుతానే ఉండింది."

ఈ మాట పద్దెనిమిదేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. ఫోన్ మోగిందని నాకు తెలియదు. బస్సులో కడప దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

లాడ్జి వాడు చెకౌటప్పుడు రెండో రోజు కూడా 2,200 వేశాడు, బకెట్టు నీళ్ళతో సహా బిల్లు 4,520. బుకింగ్ యాప్‌లో ఫిర్యాదు పెట్టాను, ఇప్పటికీ జవాబు లేదు. రాత్రి స్టేషనుకు ఆటో కావాలి. పండగ కాబట్టి దొరకడం కష్టమైంది. ఒక కుర్రాడు ఆగాడు, కొత్త లాల్చీ, అత్తరు వాసన.

"యాడికి పోవల్ల మేడం? స్టేషనా? అరవై ఇయ్యండి."

నేను నోరు తెరిచేలోపు అమ్మ అడిగింది. "పండగ పూట బండి తోలుతున్నావేం నాయనా?"

"పొద్దునే నమాజు అయిపాయ గదమ్మా. ఇంట్లో సేమ్యా తినుకోని వచ్చినా."

దిగాక అమ్మ వంద నోటు ఇచ్చింది. అతను నలభై తిరిగిచ్చాడు. స్టేషను దీపం కింద నిలబడి పది నోట్లు నాలుగూ లెక్కపెట్టుకుని, నడుముకున్న చిన్న సంచిలో పెట్టుకుంది.