ఎర్లీ, లేట్, ఎనీటైమ్: క్రూయిజ్‌లో డిన్నర్ టైము మార్చుకోవాలంటే ఏది మేలు?

క్రూయిజ్ బుక్ చేసుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే ప్రశ్న. "మాకు డిన్నర్ ఆరింటికి వేశారు, ఎనిమిదిన్నరకు మార్పించుకోమంటారా, లేకపోతే ఎనీటైమ్‌కి వెళ్లిపోమంటారా?" అని. ఆరింటిది ఎర్లీ, ఎనిమిదిన్నరది లేట్, నచ్చినప్పుడు వెళ్లి తినేది ఎనీటైమ్. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా. మేం ఈసారి ఎర్లీ నుంచి లేట్‌కి మారాం కాబట్టి నా మొగ్గు ఎటో మీకు ముందే తెలిసిపోయింది, అయినా మిగతావాటికి అన్యాయం చేయను.

అసలు మీ ఓడలో ఈ ప్రశ్న ఉందో లేదో ముందు చూసుకోండి. నార్వేజియన్ అనే క్రూయిజ్ కంపెనీ వాళ్లు 2000లోనే ఫ్రీస్టైల్ పేరుతో ఈ టైముల గొడవే తీసేశారు. వర్జిన్ వాయేజెస్‌లో మెయిన్ డైనింగ్ రూమే, అంటే అందరికీ డిన్నర్ పెట్టే పెద్ద హాలే, ఉండదు. రాయల్ కరీబియన్, కార్నివాల్ లాంటివాటిలో మామూలుగా రెండు ఫిక్స్‌డ్ టైములు, వాటితో పాటు మై టైమ్, యువర్ టైమ్ అని పేర్లు పెట్టుకున్న ఎనీటైమ్ పద్ధతి కూడా ఉంటాయి. డిస్నీలో రెస్టారెంట్ రోజూ మారుతుంది, వెయిటర్లు మాత్రం మీ వెంటే వస్తారు, టైములు రెండే. గంట కూడా ఓడకో రకంగా ఉంటుంది, ఎర్లీ అంటే అయిదు నుంచి ఆరు మధ్య, లేట్ అంటే ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య అనుకోండి.

ఇంట్లో ఎన్నింటికి తింటామో దాన్ని బట్టి ఎంచుకుంటారు చాలామంది. నన్నడిగితే చూడాల్సింది అది కాదు, ఓడ రేవు వదిలే టైము. మీ ఐటినరరీలో, అంటే ఏ రోజు ఏ ఊరో చెప్పే ప్రయాణ పట్టికలో, ప్రతి ఊరి పక్కనా అది రాసి ఉంటుంది. దానికి అరగంట ముందు, కొన్నిచోట్ల ఇంకా ముందే, అందరూ ఎక్కేసి ఉండాలి. ఓడ ఆరింటికి కదులుతుందనుకోండి, టూర్ బస్సు మిమ్మల్ని అయిదుంబావుకి దింపుతుంది, అప్పటికే గ్యాంగ్‌వే (ఓడలోకి ఎక్కే దారి) దగ్గర ఇంకో నాలుగు బస్సుల జనం ఉంటారు, కార్డు చూపించి, బ్యాగు స్కానర్‌లో పెట్టి, లిఫ్టు కోసం నిలబడి క్యాబిన్ తలుపు తీసేసరికి అయిదూ నలభై. ఒక్క బాత్రూములో నలుగురు స్నానాలు కానిచ్చి, బట్టలు మార్చుకుని ఆరింటికి కుర్చీలో ఉండాలి. పావుగంట, ఇరవై నిమిషాలు మించి ఆలస్యమైతే టేబుల్ మీద మిగతావాళ్లకు స్టార్టర్లు వచ్చేసి ఉంటాయి, మీ ఒక్కరి కోసం కిచెన్ మళ్లీ వెనక్కి వెళ్లాలి. పైగా సరిగ్గా అప్పుడే ఓడ కదులుతుంది. పై డెక్ మీద రెయిలింగ్ పట్టుకుని ఊరు దూరమవుతుంటే చూడాల్సిన టైములో మీరు లోపల మెనూ తిరగేస్తుంటారు. క్రూయిజ్‌కి అంత ఖర్చు పెట్టి అది వదులుకోవడం నాకైతే మనసొప్పదు.

అందుకే కరీబియన్‌కి ఒక సమాధానం, మెడిటరేనియన్‌కి ఇంకో సమాధానం. కరీబియన్ రేవుల నుంచి చాలా ఓడలు సాయంత్రం నాలుగు, అయిదింటికల్లా బయలుదేరతాయి, స్నానం చేసి కాసేపు నడుం వాల్చినా ఎర్లీ అందుతుంది. మెడిటరేనియన్‌లో ఆరు, ఏడింటి దాకా ఉండే రోజులు ఎక్కువ, అక్కడ ఎర్లీ అంటే రోజూ పరుగే. ఇక కొన్ని రేవులున్నాయి, ఏ ఫిక్స్‌డ్ టైమూ పనికిరాదు. గ్రీస్ ద్వీపం శాంతోరినిలో నడివేసవిలో సూర్యాస్తమయం ఎనిమిదిన్నర ప్రాంతంలో, అది చూడకుండా ఎవరూ కదలరు, చూశాక కొండ మీంచి కేబుల్ కార్ క్యూ, కింద మళ్లీ ఓడకు తీసుకెళ్లే టెండర్ బోటు క్యూ. అలాస్కాలో జూనోలో కూడా జూన్ నెలలో రాత్రి పదింటి దాకా వెలుతురుంటుంది, రాత్రిదాకా అక్కడే ఆగే ఓడలకు ఆ రోజు డైనింగ్ రూమ్ సగం ఖాళీయే.

మీ ఐటినరరీ మీద పెన్ను పెట్టి లెక్కేసుకోండి. అయిదు లోపు కదిలే రోజులు, రోజంతా సముద్రంలోనే ఉండే రోజులు ఎర్లీ ఖాతాలో వేయండి. అయిదున్నర నుంచి ఏడు మధ్య కదిలేవి లేట్ ఖాతాలో. అంతకన్నా ఆలస్యమైతే ఎనీటైమ్ ఖాతాలో. ఏది ఎక్కువ వస్తే దానికి మారిపోండి, మారక్కర్లేదని వస్తే ఉన్నచోటే ఉండండి.

గడియారం ముందుకు జరిగే ప్రయాణాల్లో ఇంకో చిక్కుంది. న్యూయార్క్ నుంచి సౌతాంప్టన్‌కి ఓడలో వెళ్తే దారిలో గడియారం మామూలుగా అయిదు గంటలు ముందుకు జరపాలి, రోజుకు ఒక గంట చొప్పున. అంటే గడియారం జరిపిన రోజు ఆరింటి డిన్నర్‌కి కూర్చుంటే మీ కడుపు లెక్కలో అది అయిదే. మధ్యాహ్నం భోజనం అరగకుండానే మళ్లీ నాప్‌కిన్ ఒళ్లో వేసుకోవాలి. అటు వెళ్లేవాళ్లు లేట్ తీసుకోండి. ఇటు, అంటే అమెరికా వైపు, వచ్చేటప్పుడు సరిగ్గా దీనికి రివర్స్.

లేట్‌లో నాకు నచ్చే ఇంకో సంగతి, వెనక నుంచి ఎవరూ తరమరు. ఎర్లీ వాళ్లు లేచాక అదే టేబుల్ తుడిచి, గుడ్డ మార్చి, గ్లాసులు పెట్టి లేట్ వాళ్లకు సిద్ధం చేయాలి కాబట్టి వెయిటర్ ఎంత మర్యాదగా ఉన్నా డెజర్ట్ మెనూ కాస్త ముందే చేతిలో పెడతాడు. లేట్‌లో ఆ తొందర ఉండదు. షో కూడా ముందే చూసేసి తీరిగ్గా భోజనానికి రావచ్చు, ఎర్లీ వాళ్లకేమో కడుపు నిండా తిన్నాక చీకటి థియేటర్లో మెత్తటి సీటు, ఇంకేముంది, పది నిమిషాల్లో నిద్ర.

అలాగని లేట్ అందరికీ పడదు. భోజనం ముగిసేసరికి పది అవుతుంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, రాత్రి మాత్రలకు టైము తప్పకూడనివాళ్లు, తిన్న వెంటనే పడుకుంటే గుండెల్లో మంట వచ్చేవాళ్లు మారకండి, ఎర్లీలోనే హాయిగా ఉండండి. చిన్నపిల్లలున్నా అంతే, సూప్ వచ్చేసరికే నిద్రపోతారు. డిస్నీలో మాత్రం దీనికి ఒక మార్గం పెట్టారు, లేట్‌లో పిల్లలు ముందుగా తినేస్తే కిడ్స్ క్లబ్ వాళ్లే డైనింగ్ రూముకొచ్చి తీసుకెళ్తారు.

ఎనీటైమ్ పేరు వినడానికి బాగుంటుంది, కానీ ఓడలో సగం మందికి 'ఎనీ టైము' అంటే ఆరున్నర నుంచి ఏడున్నర. అప్పుడు వెళ్తే క్యూ, లేదా క్రూయిజ్ కంపెనీ యాప్‌లో మీ వంతు వచ్చిందాకా బార్ పక్కన కాలక్షేపం. ఇద్దరికే టేబుల్ కావాలంటే ఇంకా ఆగాలి, ఎందుకంటే ఇద్దరి టేబుళ్లు తక్కువ. యాప్‌లో ముందే రిజర్వ్ చేసుకుంటే ఈ బాధ తగ్గుతుంది, కానీ రోజూ అదే టైముకి రిజర్వ్ చేసుకునేవాళ్లు ఫిక్స్‌డ్ తీసుకుంటే పోయేదేముంది?

ఇంకొకటి, వెయిటర్. ఫిక్స్‌డ్‌లో రోజూ అదే టేబుల్, అదే మనిషి. వెజిటేరియన్లకీ, అలర్జీ ఉన్నవాళ్లకీ ఇది చిన్న విషయం కాదు. హెడ్ వెయిటర్ ఈ రాత్రే రేపటి మెనూ తెచ్చి మీ ముందు పెడతాడు, మీరు వేలితో చూపించినవాటి పక్కన పెన్నుతో గుర్తు పెట్టుకుంటాడు, ఈ సాస్‌లో నట్స్ ఉన్నాయి, ఇది వేరేగా చేయిస్తాను అంటాడు, మర్నాడు మీరు కూర్చునేసరికి మీ ప్లేటు విడిగా వస్తుంది. ఎనీటైమ్‌లో రోజుకో మనిషైతే రోజూ మొదటి నుంచి చెప్పుకోవాలి. అదే సెక్షన్‌లో కూర్చోబెట్టమని అడగొచ్చు, ఖాళీ ఉంటే ఇస్తారు, లేకపోతే ఆగాలి.

మార్చుకోవడం ఎలా అంటారా? ఫిక్స్‌డ్ నుంచి ఎనీటైమ్‌కి మారడం తేలిక, అటు నుంచి వెనక్కి రావడం కష్టం. ఎర్లీ సీట్లు సాధారణంగా ముందు నిండిపోతాయి, మీరు వదిలిన మరుక్షణం వెయిట్‌లిస్టులో ఉన్న ఇంకొకరికి వెళ్లిపోతుంది. కాబట్టి నిశ్చయించుకోకుండా యాప్‌లో ఊరికే నొక్కి చూడకండి. ఏజెంటు ద్వారా బుక్ చేసుంటే చాలా కంపెనీలు మీతో మాట్లాడవు, ఏజెంటే మార్చాలి. రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తుంటే బుకింగులన్నీ లింక్ చేయించి అందరిదీ ఒకేసారి అడగండి, ఒకరిది మారి ఇంకొకరిది మారకపోతే ఆ తలనొప్పి వేరు. టైముతో పాటే టేబుల్ సైజు కూడా అడగండి, అది విడి విషయం, టైము దొరికి పదిమంది టేబుల్‌లో పడితే మళ్లీ మొదలు.

వెయిట్‌లిస్ట్ కదలకపోయినా టెన్షన్ పడక్కర్లేదు. ఎక్కిన రోజు మధ్యాహ్నం డైనింగ్ రూమ్ గుమ్మం దగ్గరో, ఆ రోజు యాప్‌లో చెప్పిన చోటో మేట్ర డీ, అంటే డైనింగ్ రూమ్ చూసుకునే పెద్ద, టేబుల్ వేసుకుని దీనికోసమే కూర్చుంటాడు. అందరూ బఫేకి పరిగెత్తే టైములో మీరు ముందు అక్కడికి వెళ్లండి. క్యాబిన్ నంబరు, ఎంతమంది, ఏ టైము, ఎందుకు, నాలుగు ముక్కల్లో చెప్పండి. మందుల కారణం ఉంటే మొహమాటపడకుండా చెప్పేయండి, అది పనిచేస్తుంది. దీనికి ఫీజేమీ ఉండదు, నోటు మడిచి చేతిలో పెట్టాల్సిన అవసరమూ లేదు.

బఫే, రూమ్ సర్వీస్, విడిగా డబ్బు కట్టే స్పెషాలిటీ రెస్టారెంట్లు కూడా ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, శాంతోరిని లాంటి రోజుకు బఫే చాలు. రోజూ దాని మీదే ఆధారపడటం మాత్రం నాకు నచ్చదు, డైనింగ్ రూమ్ భోజనం మీ టికెట్లోనే ఉంది.

మొదటి రోజు కుదరదన్నారా, ఆ రాత్రి ఇచ్చిన టైముకే వెళ్లి తినేసి, మర్నాడు మళ్లీ అడగండి. మొదటి రెండు రాత్రులు ఎవరెవరు రాలేదో వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది, ఎనీటైమ్‌కో బఫేకో వెళ్లిపోయినవాళ్ల కుర్చీలు అప్పటికి బయటపడతాయి. సీటు దొరికాక యాప్‌లోనో కార్డు మీదో కొత్త టైము, కొత్త టేబుల్ నంబరు పడ్డాయో లేదో చూసుకోండి, రెండు అంతస్తుల డైనింగ్ రూముల్లో ఏ డెక్ గుమ్మం నుంచి వెళ్లాలో కూడా అక్కడే అడిగేయండి.