టోన్ నాబ్ పక్కనున్న చిన్న స్విచ్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

పెడల్ స్టీల్ గిటార్ అంటే అడ్డంగా అమర్చి, తీగల మీద లోహపు బార్ జారుస్తూ, పెడళ్లతో, మోకాలి లీవర్లతో తీగల శ్రుతి మారుస్తూ వాయించే వాయిద్యం. రెండు నెక్‌లున్న (అంటే రెండు తీగల వరుసలున్న) పెడల్ స్టీల్ గిటార్ గురించి రాసేవారు పెడళ్ల మెత్తదనం, మోకాలి లీవర్ల అమరిక, శ్రుతి ఎంతసేపు నిలుస్తుంది వంటివి వివరంగా చెబుతూనే ఉన్నారు కనుక నేను వాటి జోలికి పోను. నా వాయిద్యానికి మూడు నియంత్రణలున్నాయి. ఏ నెక్ మోగాలో నిర్ణయించే సెలెక్టర్ ఒకటి, నాదంలోని మెరుపును తగ్గించే టోన్ నాబ్ ఒకటి, ఆ నాబ్‌ను సర్క్యూట్ నుంచి పూర్తిగా తప్పించే చిన్న బైపాస్ స్విచ్ ఒకటి. కొన్నప్పుడు ఈ మూడోదాన్ని నేను అలంకారం కిందే లెక్కగట్టాను. ఇప్పుడు ఆ స్విచ్ లేని గిటార్‌ను కొనాలంటే వెనకాడతాను.

చాలా స్టీల్ గిటార్లలో టోన్ నాబే ఉండదు. తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే పికప్ నుంచి వైరు నేరుగా జాక్‌కు వెళ్తుంది, ఆపైన సంగతి వాల్యూమ్ పెడల్, ఆంప్లిఫయర్ చూసుకుంటాయి. నాబ్‌ను చివరిదాకా తిప్పి ఉంచితే అది లేనట్టే కదా అని ఎవరికైనా అనిపిస్తుంది గాని, నిజానికి అది ఉంటూనే ఉంటుంది. నా గిటార్‌లో 500 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ (నాబ్ తిప్పితే నిరోధం మారే భాగం), దానితో వరుసగా ఒక కెపాసిటర్, రెండూ కలిసి పికప్ సిగ్నల్‌కూ గ్రౌండ్‌కూ మధ్య ఉన్నాయి. పై పౌనఃపున్యాలను కెపాసిటర్ దాదాపు అడ్డులేకుండా పోనిస్తుంది కాబట్టి ఆ ప్రాంతంలో పికప్ మీద 500 కిలో ఓమ్‌ల భారం ఎప్పుడూ పడుతూనే ఉంటుంది, అంటే సిగ్నల్ కొంత అటు జారిపోతూనే ఉంటుంది. స్టీల్ గిటార్ పికప్‌లకు చుట్లు ఎక్కువ. మామూలు గిటార్ సింగిల్ కాయిల్ పికప్ నిరోధం 6, 7 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటే వీటిలో 17, 18 కిలో ఓమ్‌లున్నవి సర్వసాధారణం. ఇండక్టెన్స్ (పై పౌనఃపున్యాలను అడ్డుకునే కాయిల్ గుణం) కూడా అందుకు తగ్గట్టే ఎక్కువ కనుక ఇలాంటి భారం పడితే వీటి మెరుపు త్వరగా తగ్గుతుంది. స్విచ్‌ను బైపాస్‌లో పెట్టగానే ఆ భారం తొలగి, పిక్ తగిలిన మొదటి క్షణమూ తీగ మీద బార్ జారే సన్నని సవ్వడీ తేటగా వినిపిస్తాయి.

అయితే ఈ తేడా నాకు మొదటి నుంచీ ఇంత స్పష్టంగా వినపడలేదు. అప్పట్లో గిటార్‌కు వెంటనే మామూలు వాల్యూమ్ పెడల్ ఉండేది. అందులోనూ మరో 500 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ ఉంటుంది కాబట్టి టోన్ నాబ్‌ను తప్పించినా పికప్ మీద ఇంకొక భారం మిగిలే ఉండేది. పెడల్‌కు ముందు ఒక చిన్న బఫర్ (తర్వాతి పరికరాల భారం పికప్ మీద పడకుండా చూసే సర్క్యూట్) పెట్టిన తర్వాతే స్విచ్ అసలు పని బయటపడింది. బఫర్ వల్ల పెడల్ భారమూ, అక్కడి నుంచి ఆంప్లిఫయర్‌దాకా సాగే పొడవాటి కేబుల్ కెపాసిటెన్సూ పికప్‌కు తగలవు, ఇక మిగిలేది టోన్ నాబ్ భారం ఒక్కటే. దాన్నీ తీసేస్తే పికప్ తన సహజ స్వరంతో పలుకుతుంది. పెడల్‌ను సగం వెనక్కి వదిలినప్పుడు నాదం మందగించే పాత బాధ కూడా చాలావరకు పోయింది, కాకపోతే ఆ పుణ్యం స్విచ్‌ది కాదు, బఫర్‌దే.

ఈ స్విచ్ మీద నాకు అసలైన గురి కుదిరింది మాత్రం ఒక మరమ్మతు సందర్భంలో. నా గిటార్‌లో ఒక నెక్ శ్రుతి పేరు ఈ9, రెండోదానిది సీ6. ఈ9 నెక్ మీద వాయిస్తుండగా నాలుగో తీగనూ ఎనిమిదో తీగనూ అర మెట్టు దించే మోకాలి లీవర్ నొక్కినప్పుడల్లా నాదం ఉన్నట్టుండి దుప్పటి కప్పినట్టు అయిపోయేది, లీవర్ వదలగానే మళ్లీ తేరుకునేది. ప్రతిసారీ కాదు, లీవర్‌ను చివరిదాకా నొక్కినప్పుడే ఎక్కువ. వాయిద్యాలు బాగుచేసే ఒకరు అక్కడికక్కడే పికప్ పాడైందన్నారు, మార్చుకోవాలన్నారు. ఆ మాట నాకు ఎక్కలేదు. ఎందుకంటే లీవర్ నొక్కిపట్టి, దానితో సంబంధంలేని ఐదో తీగను మీటినా నాదం అలాగే మందంగా వచ్చేది. తీగల్లో లోపముంటే లీవర్ కదిలించే ఆ రెండింటికే పరిమితం కావాలి, పికప్‌లో లోపముంటే లీవర్‌తో దానికి పనేమిటి?

లీవర్‌ను అలా నొక్కిపట్టే ఉంచి స్విచ్‌ను బైపాస్‌లోకి మార్చాను. నాదం తేటపడింది. వెనక్కి తిప్పితే మళ్లీ మందగించింది. దానితో తగువు తీరిపోయింది. పికప్, జాక్, కేబుల్, ఆంప్లిఫయర్ అన్నీ బాగానే ఉన్నట్టు, లోపమంతా స్విచ్‌కు అవతల టోన్ నాబ్ వైపే ఉన్నట్టు తేలింది. గిటార్‌ను బోర్లించి చూస్తే స్విచ్ దగ్గర టంకం వేసిన కెపాసిటర్ నుంచి పొటెన్షియోమీటర్ వరకు వెళ్లే వైరును తయారీలో ఎక్కడా కట్టకుండా పుల్ రాడ్ల (పెడళ్లు, లీవర్ల కదలికను తీగలకు చేర్చే కడ్డీల) మధ్య వదిలేశారు. లీవర్‌తో కదిలే రాడ్ ఒకటి ఇన్నాళ్లూ ఆ వైరును రాసుకుంటూ పోయి, ఒకచోట పైతొడుగు అరిగి లోపలి రాగి మెరుస్తోంది. నా గిటార్‌లో లోహ భాగాలన్నీ గ్రౌండ్‌కు కలిపే ఉన్నాయి. రాడ్ ఆ రాగికి తగిలిన ప్రతిసారీ పొటెన్షియోమీటర్ పక్కకు తప్పుకుని కెపాసిటర్ ఒక్కటే గ్రౌండ్‌కు చేరేది, అంటే టోన్ నాబ్‌ను సున్నాకు తిప్పినట్టే. తగిలింది కెపాసిటర్‌కు ఇవతలి వైరైతే శబ్దం మొత్తం ఆగిపోయేది. మధ్యలో కెపాసిటర్ ఉండబట్టి మెరుపు మాత్రమే పోయింది. కొత్త వైరు వేసి, దాన్ని చెక్క అంచు వెంబడి రాడ్లకు దూరంగా బిగించాను. ఇంత ఖరీదైన వాయిద్యంలో కదిలే రాడ్ల మధ్య వైరును అలా వదిలేయడం క్షమించదగ్గ సంగతి కాదని ఇప్పటికీ అనుకుంటాను.

గిటార్ బోర్లించి ఉండగానే కెపాసిటర్‌ను కూడా 0.047 మైక్రోఫారడ్ నుంచి 0.022కు మార్చాను. ఇప్పుడు నాబ్‌ను బాగా తగ్గించినా నాదం మరీ మొద్దుబారదు. అంతకుముందు ఆ నాబ్ కదలికలో చివరి మూడో వంతు నాకు ఎందుకూ పనికొచ్చేది కాదు.

నెక్ సెలెక్టర్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మధ్య స్థానంలో పెడితే రెండు పికప్‌లూ సమాంతరంగా కలుస్తాయి. మీటని నెక్ మీది తీగలు కూడా సానుభూతితో మోగుతూ అడుగున ఒక గుంభనమైన హోరు పుట్టిస్తాయి. అది అందంగానే ఉంటుంది గాని వాయించే స్వరం బలం తగ్గుతుంది. అటూ ఇటూ తీరికగా మారలేని పాటల్లో తప్ప నేను దాన్ని వాడను.

పైన బైపాస్ గురించి అంత చెప్పానుగాని, అన్నివేళలా దాన్ని అలాగే ఉంచుతానని కాదు. ఈ9 శ్రుతిలో అన్నిటికన్నా పై స్వరం మొదటి తీగది కాదు, మూడో తీగైన జీ షార్ప్‌ది. సన్నని ఆ తీగను నెక్ పైభాగాన బార్‌తో పట్టి వాయిస్తే బైపాస్‌లో చెవిలో గుచ్చుకుంటుంది. చిన్న గదిలో, స్పీకర్ ఎదురుగా కూర్చున్నప్పుడు మరీను. అలాంటప్పుడు నాబ్‌ను సర్క్యూట్‌లోకి తెచ్చి కాస్త తగ్గించుకుంటాను. సీ6 నెక్‌కు వెళ్తే వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ పదో తీగ మంద్రస్థాయి సీ వరకు దిగుతుంది, నాబ్ భారంతో ఆ కింది తీగలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కనుక బైపాస్ తప్పనిసరి. నెక్ మార్చినప్పుడల్లా రెండో స్విచ్ కూడా మార్చాల్సి రావడం ఇబ్బందే. ఒక్కో నెక్‌కు విడిగా బైపాస్ ఇచ్చి ఉంటే బాగుండేది.

నేను ఎక్కువగా ఇంట్లోనే, తక్కువ శబ్దంతో, బఫర్ పెట్టుకుని వాయిస్తాను. పెద్ద వేదికల మీద డ్రమ్స్ పక్కన వాయించేవారికి ఈ సన్నని తేడాలు ఎంతవరకు వినిపిస్తాయో వారే పరీక్షించుకోవాలి. ఒకే నెక్‌తో, బఫర్ లేని వాల్యూమ్ పెడల్‌తో వాయించేవారికైతే ఈ స్విచ్ కోసం అదనంగా ఖర్చు పెట్టమని చెప్పను. ముందు బఫర్ కొనుక్కోమంటాను. టోన్ నాబ్ ఉన్న పాత గిటార్ చేతికి వస్తే మాత్రం, వాయించి చూసే ముందు దాన్ని బోర్లించి వైర్లు ఎటు వెళ్తున్నాయో ఒకసారి చూడండి.