కృష్ణలో తెరచాప: మిర్రరా, లేజరా?

విజయవాడలో తెరచాప పడవ కొనాలనుకునేవారు వేగం కంటే ముందు వరదను తలచుకోవాలి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ ఉధృతికి కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర ఢీకొన్నాయి. ఒడ్డున కట్టేసి వచ్చే పడవ మనకు వద్దు. చీకటి పడేలోగా ట్రైలర్ మీద ఇంటికి చేరేదే కావాలి. అలాంటి వాటిలో నేను తూచి చూసినవి రెండు: లేజర్, మిర్రర్.

లేజర్ పుట్టుక ముచ్చటైనది. కారు పైన పెట్టుకెళ్లే పడవ కావాలని పడవలు తయారుచేసే ఇయాన్ బ్రూస్ అడిగితే, 1969లో కెనడాకు చెందిన పడవల రూపశిల్పి బ్రూస్ కర్బీ ఫోనులో మాట్లాడుతూనే దాని రూపం గీశారు. పొడవు 4.2 మీటర్లు, బరువు 59 కిలోలు, ఒకే తెరచాప, ఒకే మనిషి. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. పోటీల మీద మనసున్న యువతకు ఇంతకంటే మంచి గురువు దొరకదు.

మిర్రర్ దారి వేరు. 1963లో బ్రిటన్‌లోని డైలీ మిర్రర్ పత్రిక దీన్ని సామాన్యుల ముందుకు తెచ్చింది. ఎర్ర తెరచాపలు ఆ పత్రిక రంగు నుంచి వచ్చినవే. పడవల రూపశిల్పి జాక్ హోల్ట్, టీవీలో ఇంటి పనులు నేర్పే బారీ బక్‌నెల్ కలిసి రూపొందించారు. ప్లైవుడ్ పలకలను రాగి తీగతో కుట్టి, అతుకుల మీద ఫైబర్‌గ్లాస్ పట్టీ వేసి బిగిస్తారు. ఇంట్లోనే కట్టుకోగల పడవ కావడంతో 70 వేలకు పైగా తయారయ్యాయి. అణియం, అంటే పడవ ముందు భాగం, మొనదేలకుండా చదరంగా ఉంటుంది కనుక 3.3 మీటర్లలోనే లోపల చోటు బాగా దొరికింది. తెరచాప కొయ్యలను విడదీస్తే పడవలోనే ఇమిడిపోతాయి. అపార్టుమెంటు పార్కింగులో పెట్టుకునేవారికి ఇది చిన్న సంగతి కాదు. పలక పగిలితే ప్లైవుడ్ పని తెలిసిన వడ్రంగి బాగుచేయగలడు.

నన్ను పూర్తిగా ఒప్పించింది తెడ్లు. భవానీ ద్వీపం దగ్గర పైరగాలి ఉన్నట్టుండి పడిపోతే మిర్రర్‌ను తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు తేవచ్చు. లేజర్‌లో ఆ ఏర్పాటు లేదు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ముందువైపు తెరచాప తాడు చేతికిచ్చి నేర్పే వీలూ మిర్రర్‌లోనే ఉంది. ఇంటిల్లిపాదికీ అదే మేలు.

ఏది కొన్నా లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకండి. బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజున పడవను ట్రైలర్ మీదనే ఉంచండి.