టీవీ ఎంత ఎత్తున ఉండాలి? గోడకా, బల్ల మీదా?

అమెరికాలో ఉంటున్న మా తమ్ముడు తన హాలు ఫోటో పంపాడు. గోడ మధ్యలో చలి కాచుకునే పొయ్యి గూడు, దాని మీద చెక్క పలక, ఆ పలకకు పైన 55 అంగుళాల టీవీ. “అక్కా, అంబాజీపేటలో కడుతున్న మన ఇంట్లో కూడా ఇలాగే ఎత్తున బిగించు, హాలుకు నిండుతనం వస్తుంది” అన్నాడు. కోనసీమలో ఫైర్‌ప్లేస్ ఎవరింట్లోనూ ఉండదు కానీ, టీవీని ఎత్తున పెట్టే అలవాటు మాత్రం మనకూ ఉంది. షోకేసు పైన, కిటికీ లింటెల్ వరసలో, ఫోటోలకు పటం కట్టినట్టు బిగించేస్తున్నాం. కాబట్టి ఈ లెక్క వాడికీ నాకూ ఒకటే.

ముందు వాడి ఇంటి సంగతి. పొయ్యి మీది పలక నేల నుంచి సుమారు నాలుగున్నర అడుగులు ఉంటుంది. 55 అంగుళాల టీవీ ఎత్తు దాదాపు 27 అంగుళాలు. పలకకూ టీవీకీ మధ్య నాలుగు అంగుళాలు వదిలితే తెర మధ్యభాగం దాదాపు ఆరడుగుల ఎత్తుకు చేరుతుంది. సోఫాలో కూర్చున్న మనిషి కళ్లు మూడున్నర అడుగుల దగ్గర ఉంటాయి. రెండున్నర అడుగులు తల ఎత్తి సినిమా అంతా చూడాలి. దీనికి తోడు వేడి. మంట వేడి నేరుగా పైకే వస్తుంది, టీవీలేమో సాధారణంగా 40 డిగ్రీల వరకు తట్టుకునేలా తయారవుతాయి. వాడికి ఒకటే చెప్పాను: గంటసేపు మంట వేసి, టీవీ ఉన్న చోట థర్మామీటరు పెట్టి చూడు; 40 దాటితే దింపెయ్యి.

ఇప్పుడు మన ఇల్లు. ఎత్తున పెడితే ఏమవుతుందో నాకు అనుభవమే. పాత ఇంట్లో నాలుగేళ్ల క్రితం షోకేసు పైన బిగించాం. అమ్మకు కుర్చీ అలవాటు లేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక చాప వేసుకుని, కొబ్బరాకులు ముందేసుకుని, ఈనెలు తీస్తూ సీరియల్ చూస్తుంది. టీవీ పైకి ఎక్కిన నెల రోజులకు గమనించాను: చాకు ఆగకుండా ఆకు వెంట జరుగుతోంది, తల మాత్రం లేవడం లేదు. చూడటం మానేసి వింటోంది. అడిగితే “మెడ పట్టేస్తోందే” అంది. కథ తెలుస్తోంది కదా అని సరిపెట్టుకుంది. ఆ మాట విన్నాక ఎత్తు గురించి నాకు ఇంకే వాదనా అవసరం లేకపోయింది.

టేపు తెచ్చి కొలిచాను. చాప మీద కూర్చున్న అమ్మ కళ్లు నేల నుంచి 29 అంగుళాలు. కుర్చీలో నావి 41. తెర మధ్యభాగం ఈ రెండింటి నడుమ, 36 అంగుళాల దగ్గర ఉంటే ఇద్దరికీ మెడ తిన్నగా ఉంటుంది. అమెరికా ఎత్తు ఇక్కడ పెడితే అమ్మ కళ్లకు మూడున్నర అడుగుల పైన ఉండేది. కిందికి వంచే బ్రాకెట్ వాడితే రంగులు కొంత బాగా కనిపిస్తాయి, ఎందుకంటే చాలా తెరలు కింది నుంచి చూస్తే పాలిపోతాయి. కానీ టీవీ వంగినంత మాత్రాన మెడ ఎత్తడం తప్పదు.

అయితే 36 అంగుళాల దగ్గర గోడకు బిగిస్తే సరిపోతుందా అంటే, మన నేలలో అసలు చిక్కు అక్కడే ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టాకు కాలువలే ప్రాణం. పొలం, కాలువ, చెరువు అన్నీ ఇంటి పక్కనే. నాలుగడుగులు తవ్వితే నీరు. ఆ నీటిని ఇటుక పీల్చుకుంటుంది. చెమ్మ పునాది నుంచి గోడ వెంట పాకి సుమారు మూడు అడుగుల వరకు వస్తుంది. నీరు ఆరిపోయి, అందులోని ఉప్పు తెల్లగా పూత పూసి, ప్లాస్టరు పొడిలా రాలుతుంది. 36 అంగుళాల దగ్గర టీవీ పెట్టాలంటే బ్రాకెట్ కింది మరలు సరిగ్గా ఆ చెమ్మలోకే దిగుతాయి. పైన బిగిస్తే గోడ పొడి, మెడకు నొప్పి. కింద బిగిస్తే మెడకు సుఖం, మరకు తుప్పు.

గోడను పరీక్షించడం కష్టమేమీ కాదు. అరచేతి వెడల్పు పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు వదలండి. ముక్క లోపలి వైపు నీటి బొట్లు చేరితే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు. పై వైపు తడిస్తే అది గాలిలోని తేమ. డ్రిల్లు పెట్టినప్పుడు కూడా చూడండి: ఎర్రటి పొడి గలగలా రాలితే ఇటుక గట్టిది, బిట్టుకు ముద్దలా అంటుకుంటే అక్కడ మరను పట్టి ఉంచే ప్లాస్టిక్ ప్లగ్గు నిలవదు. పాత సున్నపు గోడలకు, నాలుగున్నర అంగుళాల అడ్డుగోడలకు పెద్ద టీవీ వేలాడదీయమని నేను ఎవరికీ చెప్పను.

అందుకే పాత ఇళ్లలో బల్లే మేలు. 20 అంగుళాల బల్ల మీద 55 అంగుళాల టీవీ పెడితే, కాళ్లతో కలిపి తెర మధ్యభాగం దానంతట అదే 36 దగ్గరకు వస్తుంది. గోడకు అరడుగు ఎడంగా ఉంటుంది కనుక చెమ్మ తగలదు, వెనక వెచ్చదనానికి బల్లులు చేరితే తుడవడానికి చేయి పడుతుంది. వేసవి సాయంత్రం గాలివాన పట్టి ఉరుములు మొదలైతే ప్లగ్గు, డిష్ తీగ రెండూ వెంటనే పీకేయవచ్చు. గోడకు బిగించేవాళ్లు చాలామంది ప్లగ్గును టీవీ వెనకే దాచేస్తున్నారు. పిడుగుల వేళ అక్కడికి చేయి దూరదు.

బల్లకు ఉన్న పెద్ద ప్రమాదం పిల్లలు. బల్ల సొరుగు మెట్టుగా చేసుకుని ఎక్కే వయసు పిల్లలుంటే, టీవీని పట్టీతో గోడకు కట్టి తీరాలి. మీద పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇక గోదావరి పాయల నడుమ ఉండే లంక గ్రామాల వాళ్లు వరద మాట ఎత్తుతారు. 1986లోనూ 2022లోనూ నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి కనుక ఎత్తున ఉంటేనే భద్రం అంటారు. బల్ల మీది టీవీని ఇద్దరు కలిసి క్షణంలో అటక మీదికి చేర్చవచ్చు కనుక, ఏడాది పొడవునా మెడ నొప్పి పడటానికి నాకు ఆ కారణం చాలదు.

కొత్త ఇంటికి నా నిర్ణయం వేరు. పునాది మీద కాంక్రీటు బెల్టు వేసి, చెమ్మ ఎక్కకుండా పూత పూయించాం. ఎండా వానా తగలని లోపలి తొమ్మిది అంగుళాల గోడ ఎంచుకున్నాం. అక్కడ గోడకే బిగిస్తాం, కానీ ఈ ఏడు కాదు. కొత్త ప్లాస్టరు ఆరి, ఒక వర్షాకాలం గడిచి, పాలిథీన్ ముక్క పొడిగా వచ్చేదాకా టీవీ బల్ల మీదే ఉంటుంది. తీగల పైపులు మాత్రం ఇప్పుడే గోడలో వేయించాను, ప్లగ్గు టీవీకి పక్కన, చేతికి అందేలా.

మేస్త్రి ఎక్కడ గుర్తు పెట్టాలని అడిగితే, అమ్మను పిలిచి ఆ గచ్చు మీదే చాప వేశాను. ఆమె కూర్చుని ఎదురుగా చూసింది. ఆ చూపు తగిలిన చోటు నుంచి ఏడు అంగుళాలు పైకి కొలిచి, సుద్దతో గీత గీశాడు.